మట్టయ్య విన్న గంట

మైకు ముందు నిలబడి పుస్తకం తెరిచిన యాదలక్ష్మికి తను చదవబోయే అధ్యాయం కనిపించలేదు. దాన్ని ఎవరో బ్లేడుతో మొదలంటా కోసేశారు.

పేజీలు మళ్ళీ తిప్పింది. తన పెళ్ళి అధ్యాయం అయిపోయాక మట్టయ్య అధ్యాయం రావాలి. అది లేకుండా నేరుగా సమ్మె రోజుల అధ్యాయం వచ్చేసింది. నడుమ, బైండు దగ్గర, సన్నటి కాగితపు అంచులు ఒకే ఎత్తులో నిలబడి ఉన్నాయి. చింపితే అలా ఉండవు. స్కేలు పెట్టి, తొందర లేకుండా చేసిన పని అది.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో, మూడో అంతస్తులో ఉంది ఆ హాలు. ముందు వరసలో శాలువాలు కప్పించుకోవాల్సిన పెద్దలు. వెనక వరసల్లో టీ వచ్చేదాకా కూర్చుందామని ఆగినవాళ్ళు. నడుమ నిజంగా పుస్తకం చదివినవాళ్ళు కొందరు. అందరి చూపూ ఆమె మీదే ఉంది.

యాదలక్ష్మి పాతికేళ్ళు బస్సు కండక్టర్‌గా చేసింది. నల్లగొండకూ హైదరాబాద్‌కూ మధ్య నిలబడే తిరిగిన ఆ బతుకును 'నిలువుకాళ్ళ మీద' అనే పుస్తకంగా రాసింది. అది వచ్చినప్పటి నుంచి సభలకు పిలుస్తూనే ఉన్నారు. ఎక్కడికి పిలిచినా ఆమె చదవాలనుకునే అధ్యాయం మాత్రం ఒక్కటే.

వేదిక మీద ఉన్న ప్రసన్నకుమార్ లేచి వచ్చి పుస్తకంలోకి తొంగి చూశాడు. ఆయన తెలుగు లెక్చరర్, ఈ సాహిత్య సంస్థకు కార్యదర్శి. ఆమె చేత పుస్తకం రాయించింది కూడా ఆయనే. బైండింగులో ఏదో పొరపాటు జరిగినట్టుందని, టైం లేదు కాబట్టి ఇంకేదైనా చదివెయ్యమని మెల్లగా చెప్పాడు. యాదలక్ష్మి బస్సులో మేకపిల్లకు టికెట్ కొట్టిన కథ చదివింది. హాలు పడీపడీ నవ్వింది. ఆమెకు మాత్రం తన గొంతు తనకే వినపడలేదు.

సభ అయిపోగానే బయట పుస్తకాలు అమ్మే బల్ల దగ్గరికి వెళ్ళింది. ఒకటి తెరిచింది, ఇంకొకటి తెరిచింది, మొత్తం దొంతర తిరగేసింది. అన్నిట్లోనూ అదే కోత.

ఆమె వెంట వచ్చిన ఉదయలక్ష్మి కళ్ళజోడు సర్దుకుని ఆ అంచుల్ని వేలితో తడిమింది. ఉదయలక్ష్మిది భీమవరం వైపు. సరూర్‌నగర్‌లో యాదలక్ష్మి పై వాటాలో చాలా ఏళ్ళుగా ఉంటోంది. ఏ సభకైనా తోడు వస్తుంది, వచ్చి అందరి మీదా వ్యాఖ్యానం చేస్తుంది.

"వదినా, ఇది దొంగ చేసిన పని కాదు. దొంగైతే పుస్తకమే ఎత్తుకెళ్ళేవాడు," అంది. "వీడెవడో పుస్తకం ఉండాలి, మట్టయ్య మాత్రం ఉండకూడదు అనుకున్నాడు."

మట్టయ్య డ్రైవరు. చాలా ఏళ్ళ కిందటి మాట. అప్పుడు యాదలక్ష్మి కొత్తగా ఉద్యోగంలో చేరింది. ఒకనాడు పొద్దున నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు వస్తున్న వాళ్ళ బస్సు చౌటుప్పల్ దాటాక ఒక చిన్న స్టేజీలో ఆగింది. బస్సు కిక్కిరిసి ఉంది. యాదలక్ష్మి ముందు భాగంలో జనం మధ్య ఇరుక్కుని టికెట్లు కొడుతోంది. వెనక తలుపు నుంచి సైదమ్మ అనే ముసలావిడ గంపతో దిగుతోంది. ఆమె కాలు ఇంకా నేల మీద ఆనలేదు. గంట రెండుసార్లు మోగింది. ఒక గంట ఆగమని, రెండు గంటలు పొమ్మని. మట్టయ్య బస్సు కదిలించాడు. సైదమ్మ వెనక చక్రం కింద పడి అక్కడే చనిపోయింది.

గంట కొట్టావా అని డిపోలో అడిగితే, కొట్టలేదని యాదలక్ష్మి నిజమే చెప్పింది. మోగడం మాత్రం విన్నానంది. కండక్టరు కొట్టని గంట ఎలా మోగుతుందన్నారు. డ్రైవర్‌ను కాపాడటానికి చెబుతోందన్నారు. మట్టయ్య గంట లేకుండానే బండి తీశాడని తేల్చి ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ తర్వాత బతికిన కొద్ది ఏళ్ళూ ఆయన కనిపించిన ప్రతి మనిషికీ ఒకటే చెప్పాడు, గంట మోగిందని. తాగి వాగుతున్నాడన్నారు. ఆయన తాగడు.

బస్సెక్కిన వాళ్ళకు ఎవరికైనా తెలిసిన సంగతి ఒకటుంది. కండక్టరు జనంలో ఇరుక్కుంటే వెనక తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు ఎవరో ఒకరు గంట తాడు లాగేస్తారు. అదొక సాయం. ఎవరూ తప్పనుకోరు, కండక్టర్లూ వద్దనరు. ఆ పొద్దున కూడా అలా ఎవరో లాగారు. ఆ మనిషి ఎవరన్నది తేలకపోయినా పర్వాలేదు, మట్టయ్య అబద్ధం చెప్పలేదని మాత్రం లోకానికి తెలియాలని యాదలక్ష్మి ఆ అధ్యాయం రాసింది. మట్టయ్య భార్య అండాలమ్మ ఇప్పుడు ఎల్బీ నగర్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. బస్తీలో ఆమెను ఇప్పటికీ ముసలమ్మను తొక్కించిన డ్రైవరు పెండ్లాం అనే గుర్తుపడతారు. నెల తిరిగేలోగా ఎల్బీ నగర్‌లో పెద్ద సభ ఉంది. నల్లగొండ బస్సులన్నీ వచ్చి చేరే చోటది. రిటైరైన డ్రైవర్లూ కండక్టర్లూ చుట్టుపక్కల కాలనీల్లోనే ఉంటారు. వాళ్ళందరి ముందూ ఆ అధ్యాయం చదువుతానని యాదలక్ష్మి అండాలమ్మకు మాటిచ్చింది.

ఆ అధ్యాయాన్ని ఆమె బయట చదివింది ఒక్కసారే, నల్లగొండలో పుస్తకం విడుదలైన రోజున. చదవడం పూర్తవగానే లింగస్వామి అనే పెద్దాయన లేచి తానూ ఆ బస్సులో ఉన్నానన్నాడు. వెనక ఎవరో కుర్రాడు, తెల్ల చొక్కా, చంకలో ఫైలు, తాడు లాగడం చూశానన్నాడు. ఎల్బీ నగర్ సభకూ వస్తానన్నాడు. యాదలక్ష్మి ఆ రోజు ఇంటికి వచ్చి చాలాసేపు ఏడ్చింది. మరుసటి సభకే పుస్తకాల్లోంచి మట్టయ్య మాయమయ్యాడు.

ఆమె అనుమానం ముందు జానయ్య మీదికి పోయింది. మట్టయ్య మీద విచారణ జరిపిన అధికారి ఆయన. రిటైరై బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ఇద్దరాడవాళ్ళూ బస్సెక్కి అక్కడికి వెళ్ళారు.

జానయ్య వరండాలో పడక కుర్చీలో ఉన్నాడు. మీసం తెల్లబడింది గాని మొన తగ్గలేదు. యాదలక్ష్మి కూర్చోకుండానే అడిగేసింది, నా పుస్తకాలు కోయించింది మీరేనా అని. ఆయన కోప్పడలేదు. కోడలిని పిలిచి అలమారలోంచి పుస్తకం తెప్పించాడు. మట్టయ్య అధ్యాయం చెక్కుచెదరకుండా ఉంది. పక్కన పెన్సిలు గీతలు కూడా ఉన్నాయి.

"నన్ను నువ్వు రాసింది గీ ఒక్క అధ్యాయంలనే గదమ్మా," అన్నాడు. "మీసాలాయన అని రాసినవ్, చెవులు లేనాయన అని రాసినవ్. గది కోస్తే ఇగ నేనేడున్న పుస్తకంల?"

ఉదయలక్ష్మి నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగింది. జానయ్య తన తీర్పు తప్పని మాత్రం ఒప్పుకోలేదు. గంట ఎవరు కొట్టారో చూపించమంటే అప్పుడు ఎవరూ చూపించలేదు కదా అన్నాడు. ఇప్పుడు చూపిస్తే ఒప్పుకుంటారా అని యాదలక్ష్మి అడిగింది. చూపించు, వచ్చి వింటానన్నాడు. అయినా తన గురించి ఏం రాసిందో చూద్దామని ఆగలేక, పుస్తకం మార్కెట్లోకి రాకముందే ప్రెస్సుకు పోయి కొనుక్కున్నాడట.

తిరుగు బస్సులో ఉదయలక్ష్మి తేల్చి చెప్పింది. ప్రెస్సులో కొన్న పుస్తకం నిండుగా ఉంది. హాలులో అమ్మినవి కోసి ఉన్నాయి. నడుమ ఆ కట్టలు ఉన్నది ప్రసన్నకుమార్ ఫ్లాట్‌లోనే.

"సారు గురించి గట్లనకు వదినె," అంది యాదలక్ష్మి.

"అనను. లెక్క చూస్తున్నాను అంతే."

"నువ్వు లెక్క చూడకు."

సరూర్‌నగర్ దాకా ఉదయలక్ష్మి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఉదయలక్ష్మికి కోపం వచ్చిందని కాదు. యాదలక్ష్మి కళ్ళు చూసి ఊరుకుంది.

ప్రసన్నకుమార్ లేకపోతే ఆ పుస్తకమే లేదు. డిపో సావనీర్‌లో ఆమె రాసిన రెండు పేజీలు చదివి ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడాయన. నాకు రాయడం రాదు సారూ, నాకు మాట్లాడటమే వచ్చు అంటే, అయితే మాట్లాడినట్టే రాయండి అన్నాడు. ఆమె భాషను ఒక్క ముక్క దిద్దలేదు. ఆమె రాసుకుంటూ పోయింది, ఆయన చదువుకుంటూ పోయాడు. మట్టయ్య అధ్యాయం చివర్లో రాసింది. రాయడానికి చెయ్యి రాక అన్నాళ్ళు వాయిదా వేసింది. అది చదివాక ఆయన కొన్ని రోజులు ఫోన్ చేయలేదు. తర్వాత వచ్చి, ఈ ఒక్కటి తీసేస్తే పుస్తకం తేలిగ్గా ఉంటుందన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆయన ఇంక బలవంతం చేయలేదు.

తర్వాతి సభ కొత్తపేట దగ్గర కాలేజీ మైదానంలో జరిగిన సాహిత్య ఉత్సవంలో. షామియానాలు, పుస్తకాల స్టాళ్ళు, మిర్చి బజ్జీల బండ్లు. యాదలక్ష్మి ఈసారి ఇంట్లో ఉన్న తన సొంత పుస్తకం కొంగు కింద పెట్టుకుని వెళ్ళింది. అందులో మట్టయ్య భద్రంగా ఉన్నాడు.

తెలుగు సభల్లో రచయిత చివర మాట్లాడాలి. దాన్ని స్పందన అంటారు. ముందు అధ్యక్షుడు మాట్లాడాలి, ఆ తర్వాత ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, ఆపైన సమీక్షకులు. ఒక సమీక్షకుడు ఆమె పుస్తకంలో మహిళా కండక్టరు చైతన్యం గురించి చెబుతూ తన అమెరికా ప్రయాణంలోకి వెళ్ళిపోయాడు. ఇంకొకాయన పుస్తకం చదవలేదని ముందే ఒప్పుకుని, చదవకుండానే అందరికంటే ఎక్కువసేపు మాట్లాడాడు. వేదిక మీద కూర్చున్న యాదలక్ష్మి తలూపుతూ ఉంది. ఆమె వంతు వచ్చేసరికి తర్వాతి కార్యక్రమం వాళ్ళు వేదిక పక్కన తబలాలు సర్దుతున్నారు. ప్రసన్నకుమార్ మైకులో ఆమెను ధన్యవాదాలు చెప్పి ముగించమన్నాడు. శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు, ఫొటో తీశారు.

"వదినా, నీ పుస్తకం గురించి ఇవాళ ఊరంతా మాట్లాడింది," అంది ఉదయలక్ష్మి. "నువ్వు తప్ప."

మాట్లాడేవాళ్ళ వరస ఎవరు వేశారని యాదలక్ష్మి ఉత్సవం వాళ్ళను అడిగింది. మీ ప్రసన్నకుమార్ సారే ఇచ్చారు, మేం ఇద్దర్నే అనుకున్నాం, ఆయనే మిగతావాళ్ళను కలిపారు అన్నారు.

ఆయనే ఇద్దర్నీ కారులో ఇంటి దగ్గర దింపుతానన్నాడు. ఉదయలక్ష్మి వెనక సీట్లో కూర్చుని కళ్ళు మూసుకుంది. యాదలక్ష్మి ముందు కూర్చుని, ఎల్బీ నగర్‌లో మాత్రం ఎలాగైనా ఆ అధ్యాయం చదువుతానంది. ప్రసన్నకుమార్ కాసేపు స్టీరింగ్ మీద వేళ్ళు ఆడించాడు. తర్వాత చాలా మెత్తగా మొదలుపెట్టాడు. ప్రతి సభలో అదే చదవాలని ఆ గాయాన్ని ఎందుకు కెలుక్కుంటారన్నాడు. అండాలమ్మగారికి మాత్రం అది వినడం సుఖమా అన్నాడు.

"ఆ దృశ్యం ఎవరికైనా భరించడం కష్టం యాదలక్ష్మిగారూ. ఆవిడ అలా పడిపోయి ఉండటం, ఆ బత్తాయిలన్నీ రోడ్డు మీద దొర్లుకుంటూ పోవడం. వాటిని తొక్కకుండా నడవడానికి కూడా చోటు లేదు. వద్దండి. జనాన్ని నవ్వించే అధ్యాయాలు ఎన్ని లేవు మీకు?"

యాదలక్ష్మి అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఇంట్లోకి వెళ్ళగానే పుస్తకం తీసి ఉదయలక్ష్మి చేతిలో పెట్టింది. మట్టయ్య అధ్యాయం గట్టిగా చదవమంది. ఉదయలక్ష్మి చదివింది. గంపతో దిగుతున్న సైదమ్మ అని ఉంది. గంప పక్కకు పడిందని ఉంది. గంపలో ఏముందో ఎక్కడా లేదు.

"బత్తాయిలని నేను రాయలె," అంది యాదలక్ష్మి. "చెయ్యి రాలె. దవాఖానలో ఉన్న బిడ్డకు తీస్కపోతున్నదామె. గది రాస్తే నాకు మళ్ళ రాయవశమయ్యేది కాదు. నల్లగొండల లింగస్వామి కూడ అనలె. ఎన్నడు ఎవ్వల్తోని అన్లె నేను."

"మరి ఆయనకెలా తెలుసు?"

"తెల్ల చొక్కా, చంకల ఫైలు," అంది యాదలక్ష్మి. ఉదయలక్ష్మి చేతిలోంచి పుస్తకం తీసుకుని మూసేసింది.

ఆ పూట ఇద్దరూ అన్నం తినలేదు. పోలీసులకు చెబుదామని ఉదయలక్ష్మి అంది. ఏమని చెబుతాం, కారులో బత్తాయిలన్నాడనా? ఆయన కాదంటే అయిపోయింది. పేరు తెచ్చిపెట్టిన మనిషి మీదే బురద జల్లిందంటారు. దాంతోపాటు మట్టయ్య మీద ఉన్న మచ్చ ఇంకా గట్టిపడుతుంది. ఫోన్ చేసి కడిగేద్దామా? అప్పుడు ఆయన ఎల్బీ నగర్ సభే రద్దు చేస్తాడు. యాదలక్ష్మి ఇవన్నీ ఒక్కొక్కటే ఆలోచించి ఒక్కొక్కటే పక్కన పెట్టింది. ఆమెకు కావలసింది ఆయన పేరు చెడటం కాదు. మట్టయ్య గంట విన్నాడని, ఆ గంట కొట్టిన మనిషి నోటితోనే చెప్పాలి. అండాలమ్మ వినాలి.

మర్నాడు ప్రసన్నకుమార్‌కు ఫోన్ చేసి ఎల్బీ నగర్‌లో తను మొదట మాట్లాడతానంది. అది పద్ధతి కాదని, అధ్యక్షులవారు నొచ్చుకుంటారని ఆయన నచ్చజెప్పాడు. సరే సారూ, మీ పద్ధతి మీదే అని ఫోన్ పెట్టేసింది. తర్వాత జానయ్యకు చేసింది. ఆ పైన ఎల్బీ నగర్ వెళ్ళి అండాలమ్మ పక్కన కూర్చుని, ఆ రోజు ఏమైనా సరే ముందు వరసలోనే కూర్చోమని చెప్పి వచ్చింది.

హాలు రింగురోడ్డు పక్కనే, హోటల్ మీద రెండో అంతస్తులో ఉంది. కిటికీలు మూసినా బస్సుల హారన్లు వినిపిస్తూనే ఉన్నాయి. డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు, వాళ్ళ పెళ్ళాం పిల్లలు. సాహిత్య సభల్లో ఎప్పుడూ కనిపించని జనం. లింగస్వామి వచ్చాడు. జానయ్య చేతికర్రతో మెట్లెక్కి వచ్చి, కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నాడు. అండాలమ్మ ముందు వరసలో కొడుకు పక్కన ఉంది. ప్రసన్నకుమార్ ఇస్త్రీ కుర్తాలో వ్యాఖ్యాతగా అటూ ఇటూ తిరుగుతూ అందర్నీ పలకరిస్తున్నాడు. మాట్లాడేవాళ్ళ వరస కొత్తపేట కంటే పొడుగ్గా ఉంది.

మొదట జ్యోతి వెలిగించడానికి యాదలక్ష్మిని పిలిచారు. ఆమె వత్తి అంటించింది. అధ్యక్షుడు చప్పట్లు కొట్టాడు. అగ్గిపుల్ల ఆర్పి, ఆమె కుర్చీ వైపు వెళ్ళలేదు. మైకు దగ్గరికి వెళ్ళి స్టాండు లోంచి దాన్ని తీసి చేతిలోకి తీసుకుంది. అధ్యక్షుడు ఏదో అనబోయాడు. ఆమె ఆయనకు దండం పెట్టి, వెనకటి వరసలో ఉన్నవాళ్ళు కూడా వినాలని గొంతు పెంచింది. బస్సు నిండా జనానికి వినిపించిన గొంతు అది.

పుస్తకం తెరవలేదు. మట్టయ్య అధ్యాయం మొత్తం నోటితోనే చెప్పింది. స్టేజీ పేరు చెప్పింది, జనం ఎలా ఇరుక్కున్నారో చెప్పింది, రెండు గంటలు మోగడం చెప్పింది. మట్టయ్య దిగి పరిగెత్తడం చెప్పింది. డిపోలో తనను అడిగిన ప్రశ్నలు జానయ్య ముఖం చూస్తూనే చెప్పింది. ఆయన చూపు దించలేదు. అక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మంది బస్సులోనే బతికారు. వెనక తలుపు దగ్గర ఎవరో ఒకరు తాడు లాగడం వాళ్ళందరికీ తెలుసు.

అప్పుడు ఒక్క మాట అడిగింది. సైదమ్మ గంపలో ఏమున్నాయో ఎవరికైనా తెలుసా అని. ఎవరూ పలకలేదు. లింగస్వామి తల అడ్డంగా ఊపాడు, తాను సీట్లోనే ఉండిపోయానని, దిగి చూడలేదని.

"నేను పుస్తకంల రాయలె," అంది యాదలక్ష్మి. "ఎవరికి చెప్పలె. గని నేను అడగకముందే నాకు ఒక్కరు చెప్పిండ్రు. ఆ ఒక్కరు మొన్న నా పుస్తకాలల్లకెల్లి మట్టయ్యను కోసిండ్రు. ఆ ఒక్కరే నాకు రాసుడు నేర్పిండ్రు. నేను పేరు చెప్ప. నేను చెప్తే నా మాట అయితది, మట్టయ్య మాట నిలబడదు. ఆయనే చెప్పాలె. అండాలమ్మ ఈడ కూసున్నది."

ఆమె ఎవరి వైపూ చూడలేదు. వెనక్కి నాలుగడుగులు వేసి తన కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మైకు బల్ల మీద ఉంది.

వ్యాఖ్యాత దగ్గర ఇంకో మైకు ఉంది. ప్రసన్నకుమార్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. అధ్యక్షుడు తర్వాతి పేరు పిలవమన్నట్టు సైగ చేశాడు. ఆయన చూడలేదు. వేదిక అంచుదాకా వచ్చి, అండాలమ్మ ఎదురుగా ఆగాడు. తర్వాత మొదలుపెట్టాడు.

"ఆ గంట నేను కొట్టాను.

"మా వాళ్ళు గుంటూరు వైపు నుంచి మిర్యాలగూడ దగ్గరికి వచ్చి స్థిరపడ్డారు. ఆ రోజు నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్వ్యూ ఉంది. బస్సు ప్రతి స్టేజీలో ఆగుతోంది. నేను వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. యాదలక్ష్మిగారు ముందెక్కడో ఉన్నారు, ఆవిడ గొంతు మాత్రం వినిపిస్తోంది. అంతకుముందు స్టేజీల్లో కూడా నేనే తాడు లాగాను. పక్కనున్న పెద్దాయన, కండక్టరమ్మకు అసిస్టెంటు దొరికిండని నవ్వాడు. నాకు సరదాగానే అనిపించింది. త్వరగా పోతామనిపించింది.

"సైదమ్మగారు నాకు కనిపించలేదని ఇన్నేళ్ళూ చెప్పుకుంటూ వచ్చాను. కనిపించకపోవడం కాదు. నేను చూడలేదు. తలుపు నా పక్కనే ఉంది. తల తిప్పితే చాలు. నేను వాచీ చూసుకుంటున్నాను.

"అరుపులు విని దిగాను. మట్టయ్యగారు పరిగెత్తుకుంటూ వచ్చారు. గంట ఎవరు కొట్టిండ్రని అందర్నీ అడిగారు. నన్ను కూడా అడిగారు, నా ముఖంలోకి చూసి. నేను తెలియదన్నాను. వెనకాల వచ్చిన లారీ ఎక్కేశాను. ఇంటర్వ్యూకి టైముకే వెళ్ళాను. ఉద్యోగం వచ్చింది. డ్రైవర్ని తీసేశారని తర్వాత పేపర్లో చదివాను. కోర్టులో తేలుతుందిలే అనుకున్నాను. తేలలేదని తెలిసే నాటికి నాకు పెళ్ళయింది, పాప పుట్టింది. అప్పుడెందుకు చెప్పాలనుకున్నాను. అంతే. ఇంకో కారణం లేదు.

"యాదలక్ష్మిగారు ఎవరో తెలిసి వాళ్ళింటికి వెళ్ళలేదు. ఆవిడ రాత బాగుందని వెళ్ళాను. అది మాత్రం నమ్మండి. చివర్లో రాసిన ఆ అధ్యాయం చేతికి వచ్చిన రోజునే నాకు తెలిసింది, నేను ఎవరి పుస్తకం అచ్చు వేయిస్తున్నానో. నల్లగొండలో లింగస్వామిగారు లేచి తెల్ల చొక్కా కుర్రాడు అన్నప్పుడు ఆయన నోటి దగ్గర మైకు పట్టుకున్నది నేనే. ఆయన గుర్తుపట్టలేదు. ఇంటికి పోయి కట్టలు విప్పి అన్నీ కోశాను. కోసిన కాగితాలు పారేయలేకపోయాను. ఇంట్లోనే ఉన్నాయి.

"అండాలమ్మగారూ, మీ ఆయన తాగి మాట్లాడలేదు. భయపడి అబద్ధం చెప్పలేదు. గంట మోగాకే బండి తీశారు. డ్రైవరు ఏం చేయాలో అదే చేశారు. మీరు కేసు పెడతానంటే ఇక్కడి నుంచే మీ వెంట వస్తాను. పెట్టకపోయినా నేనే వెళ్ళి చెబుతాను. నన్ను క్షమించమని అడగను, అడిగే మొహం నాకు లేదు. జరిగింది మాత్రం ఇదే. తాడు రెండుసార్లు లాగాను. గట్టిగానే లాగాను, ముందున్న మనిషికి బాగా వినపడాలని."